నేలలో రెండు వరసలు

ఇంటి నుంచి
మార్చి 4

మా పిచ్చుకకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివి వినిపిస్తానని మీ అమ్మ చెయ్యి చాపింది, నేను ఇవ్వలేదు. కూడబలుక్కుని నేనే చదువుకున్నాను. "కొండ మీది పాతకోట మరమ్మతు పని నాకు అప్పగించారు నాన్నా" అన్న చోట ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చదివాను. తర్వాత కింద వాటాలో ఉండే దర్జీకి చదివి వినిపించాను. కాజాలు కుడుతున్నాడేమో, సూది పెదాల మధ్య పెట్టుకుని విన్నాడు. సాయంత్రం మళ్లీ వెళ్లి వినిపిస్తే, "ఇంజనీరమ్మకి ఇంకో కోట ఇచ్చారా" అని అడిగాడు. ఎగతాళే అనుకో. అయినా నాకు కోపం రాలేదు. నిన్నటి నుంచి నాకు ఎవరి మీదా కోపం రావడం లేదు.

కొండ మీద ఫోన్ పలకదని రాశావు. మంచిదే అయింది. నలభై ఏళ్లు ఉలి దెబ్బలు తిన్న చెవులివి. ఫోన్ పెట్టుకుంటే డబ్బాలో ఈగ తిరిగినట్టు ఉంటుంది, నువ్వు నవ్వుతున్నావో ఏడుస్తున్నావో తెలియదు. ఉత్తరమైతే దాచుకోవచ్చు, మర్చిపోతే మళ్లీ తీసి చూసుకోవచ్చు.

ఆ కోట నాకు తెలుసు తల్లీ. తెలియడం అంటే ఊరికే చూసి రావడం కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఏడు నెలలు అక్కడ తిన్నాను, పడుకున్నాను, పని చేశాను. పై వాకిలి కమాను దాటగానే కుడిచేతి గోడ నాది. పాత గోడకి వానల దెబ్బకి ముఖం ఊడిపోయి, లోపలి రాళ్లు పళ్లు రాలిన నోరులా కనపడుతుంటే, దానికి కొత్త ముఖం కట్టింది నేనే. పదహారు వరసలు. తూకపు గుండు వేలాడదీస్తే దారం గోడని ముట్టుకునేదీ కాదు, విడిచేదీ కాదు. తర్వాత ఎన్నో ఇళ్లు కట్టాను, వంతెనలకి రాళ్లు చెక్కాను. ఎవరైనా "ఏం కట్టావు మేస్త్రీ" అంటే మాత్రం నా నోట ముందు ఆ గోడే వస్తుంది.

నువ్వు ఆదివారం పుట్టావు. గోడ ఆఖరి రాయి ఆ బుధవారం పెట్టాను. గురువారం పొద్దున ఇల్లు చేరాను, నీకు అప్పటికి నాలుగు రోజులు. కాబట్టి నువ్వూ అదీ కవలలు. ఇప్పుడు నువ్వే వెళ్లి దాన్ని చూసుకోబోతున్నావంటే నా సంతోషం ఎట్లా రాయాలో తెలియడం లేదు. నేను చదివింది ఐదో తరగతి, ఇంత సంతోషానికి సరిపడా మాటలు ఆ తరగతిలో చెప్పలేదు.

వెళ్లగానే దాని మీద చెయ్యి వేసి చూసి రాయి. నేనూ వస్తాను. మెట్లు నాలుగు వందల పన్నెండు, మారి ఉండవు. మీ అమ్మని రమ్మంటే, "ముప్ఫై ఎనిమిదేళ్లుగా వింటూనే ఉన్నాను, నాకు ఆ గోడ చూసినట్టే, నేను రాను" అంది.

నీ నాన్న


కొండ మీద, బసగది
మార్చి 15

నాన్నా,

నీ ఉత్తరం సామాన్ల జీపుతో వచ్చింది. వారానికి రెండుసార్లే వస్తుంది. మా జీపు డ్రైవరు కవరు ఇస్తూ "ఇది ఉత్తరమా, ఇటుకా" అన్నాడు. అంత గట్టిగా బంక అంటించావు.

కోట నువ్వు చెప్పినదానికంటే పెద్దది. పొద్దున్నే మబ్బు దిగి కింద లోయ కనపడదు, గోడలు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయి. బండలో తవ్విన బావి ఉంది కదా, దాని అంచు మీద తాళ్లు రాసుకుని పడ్డ గాడుల్లో నా వేలు మొత్తం పడుతుంది. ఎన్ని వందల ఏళ్లు ఎంతమంది తోడితే రాయి అట్లా అరుగుతుందో. కాపలావాళ్ల అరుగు మీద గళ్లు గీసుకుని ఆట ఆడుకున్నారు, ఒక గడి మరీ అరిగింది. ఎవరో ఎప్పుడూ అక్కడే ఓడిపోయేవాడనుకుంటాను. వంటశాల కప్పు ఇప్పటికీ నల్లగానే ఉంది, వేలితో తుడిస్తే మసి అంటుతుంది. బావి పక్కన మా మేస్త్రీ కూర్చుని రోజూ ఉలులు నూరుతుంటాడు. యాభై ఏళ్ల మనిషి, మాట తక్కువ, చెయ్యి నీలాగే.

నీ గోడ చుట్టూ పరంజా కట్టి ఉంది, సరిగ్గా కనపడటం లేదు.

ఇప్పుడే రావద్దు. మెట్లు చాలాచోట్ల కదిలిపోయాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నీ మోకాలు నాకు తెలుసు. పని ఒక దారికి వచ్చాక నేనే పిలుస్తాను. అమ్మకి చెప్పు, బాగానే తింటున్నాను.

పిచ్చుక


ఇంటి నుంచి
మార్చి 24

పిచ్చుకకు,

బావి గురించి చదివి ఆనందించాను. ఆ గాడుల్లో నా వేలు కూడా పెట్టాను, అప్పట్లో నా వేలు సన్నగా ఉండేది. ఇప్పుడు మన మేడ మెట్లు రోజుకి పదకొండుసార్లు ఎక్కి దిగుతున్నాను. మీ అమ్మ గుమ్మంలో కూర్చుని లెక్కపెడుతుంది. నేను పదకొండు అంటే ఆవిడ తొమ్మిది అంటుంది, పోట్లాటలో ఇంకో రెండు ఎక్కుతాను. దర్జీ నా మోకాలికి కొలత తీసుకుని దూది పెట్టిన పట్టీ ఒకటి కుట్టి ఇచ్చాడు, బొత్తాలతో సహా. బొత్తాలు ఎందుకయ్యా అంటే అందానికన్నాడు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో బావి గురించి, కాపలావాళ్ల గురించి, మసి గురించి పేజీ నిండా ఉంది. గోడ గురించి ఒక్క వాక్యం. పరంజా ఉందని. నేను చదువుకోలేదు గానీ పరంజా తెలుసు తల్లీ. ఒంట్లో బాగున్న గోడకి ఎవరూ పరంజా కట్టరు. గోడ ముందుకి ఉబ్బి పొట్ట వచ్చిందా? ఎంత వచ్చింది? ఏ ఎత్తున? చిన్నప్పుడు ఇసుక కుప్పలో ఆడి, గాజు పెంకు గుచ్చుకున్న కాలు గౌను కింద దాచుకుని "ఏం లేదు నాన్నా" అన్న మనిషివి నువ్వు. నాకు ఆ ముఖం ఉత్తరంలో కూడా కనపడుతుంది.

దాచకుండా రాయి. విని కింద పడతానని భయపడకు, ఈ వయసులో ఇప్పటికే సగం కిందే ఉన్నాను.

నీ నాన్న


కొండ మీద
ఏప్రిల్ 2

నాన్నా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. పొట్ట వచ్చింది. నడుము ఎత్తున జానెడు.

తప్పు రాళ్లది కాదు. రాళ్లు ఎంత బాగా పేర్చి ఉన్నాయో మా మేస్త్రీ రోజూ చూసి మురిసిపోతాడు. తప్పు మధ్యలో ఉన్న సిమెంటుది. పాత గోడంతా సున్నం. కొండలోంచి దిగే నీళ్లు సున్నంలోంచి నెమ్మదిగా బయటికి ఊరి ఆరిపోయేవి. నీ ముఖం సిమెంటుతో మూసేసరికి వాటికి దారి లేక వెనకే నిలిచిపోయాయి. ముప్ఫై ఎనిమిదేళ్లుగా నిలిచి, లోపలి పాత గోడని నానబెట్టి, ముందు గోడని తోస్తున్నాయి. ఈ వానలకి పడిపోతుంది. పడితే పక్కనున్న వాకిలి కమానుని కూడా లాక్కుపోతుంది. ఎనిమిది వందల ఏళ్ల కమాను.

కాబట్టి నీ గోడ విప్పెయ్యాలి. ఆ మాట రాసి సంతకం పెట్టింది నేనే నాన్నా. నీ మొదటి ఉత్తరం అందడానికి ఒక రోజు ముందు. "గత మరమ్మతు, సున్నపు పని తెలియని చేతులు చేసినది" అని కూడా నివేదికలో రాశాను. అది ఏ గోడో నాకు అప్పటికి తెలియదు. మర్నాడు నీ కవరు విప్పి, వాకిలి దాటగానే కుడిచేతి గోడ అని చదివి, బయటికి వచ్చి లెక్కపెట్టుకున్నాను. కుడివైపు గోడ ఒకటే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. సిమెంటు రాళ్లని ఎంత గట్టిగా పట్టుకుందంటే ఏ రాయి కదిపినా పగులుతోంది. పై నుంచి విప్పుదామంటే పొట్ట ఎక్కడ విడుస్తుందో తెలియదు, మనుషుల్ని నిలబెట్టలేను. మా పై అధికారికి ఇక్కడ అందరూ పెట్టిన పేరు గడియారం, ఎప్పుడూ చేతి వంకే చూస్తుంటాడు. ఏప్రిల్ ఆఖరులోగా రాళ్లు పగలకుండా విప్పే దారి చూపించకపోతే యంత్రం తెచ్చి మొత్తం కూలగొట్టిస్తానన్నాడు. ఆ అదురుకి కమాను నిలబడదు. నాకు దారి దొరకడం లేదు.

నీ గోడని మెచ్చుకుంటూ రాయాల్సిన ఉత్తరం ఇది. ఇట్లా రాయాల్సి వచ్చినందుకు ఏమీ అనుకోకు.

పిచ్చుక


ఇంటి నుంచి
ఏప్రిల్ 9

తల్లీ,

రెండు రోజులు మెట్లు ఎక్కలేదు. మీ అమ్మ లెక్కపెట్టడానికి గుమ్మంలో కూర్చుని, నేను రాకపోతే లోపలికి వచ్చి నీ ఉత్తరం తీసుకుని చదివింది. టీ పెట్టి ఇచ్చింది, అంతే.

మూడో రోజు పొద్దున నాకే నవ్వొచ్చింది. ఇంతమంది ఇంజనీర్లుండగా నా తప్పు పట్టుకోవడానికి నా కూతురే వెళ్లాల్సి వచ్చింది. బయటివాడు పట్టుకుని ఉంటే అప్పుడు ఏడవాలి. నేను కన్నదే పట్టుకుంది. ఇంటి పని ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్తాను. నీ నివేదికలో తెలియని చేతులు అని రాశావు. ఆ చేతులకి తెలుసు. నాకు పని నేర్పిన ముసలి మేస్త్రీ పాతగోడకి సిమెంటు తగలనివ్వొద్దని చెవి మెలేసి చెప్పాడు. సున్నమైతే తడి ఆరడానికి ఇంకో రెండు నెలలు పట్టేది. మీ అమ్మకి నెలలు నిండుతున్నాయి. ఓవర్సీరు నన్ను పిలిచి "సున్నమా, సిమెంటా, నువ్వే చెప్పు" అన్నాడు. ఆయన్ని తిట్టకు. సిమెంటు అన్నది నేనే. నువ్వు పుట్టేటప్పటికి ఇంట్లో ఉండాలని అన్నాను. అంత చేసీ నాలుగు రోజులు ఆలస్యమయ్యాను, అది వేరే కథ.

కానీ పిచ్చుకా, అప్పుడు కూడా సిగ్గు పూర్తిగా వదిలెయ్యలేదు. మా ముసలి మేస్త్రీకి ఇంకో పద్ధతి ఉండేది. ఎంత పెద్ద గోడ కట్టినా ఒక రాయి గట్టిగా బిగించేవాడు కాదు. "నీ తర్వాత వచ్చేవాడికి తలుపు వదలాలిరా" అనేవాడు. ఆ గోడలో నేను ఒక రాయి వదిలాను. దాని చుట్టూ సిమెంటు లేదు, ఇసుకే. ఓవర్సీరు చూడకుండా పైన వేలెడు మందం పూత పూశాను. ఆ రాయి పగలకుండా బయటికొస్తే, ఆ కంతలోంచి పక్క రాళ్ల మధ్య సిమెంటుకి వెనక నుంచి రంపం పెట్టొచ్చు. ఒకదాని తర్వాత ఒకటి, దండలో పువ్వులు తీసినట్టు వస్తాయి. నిలిచిన నీళ్లకీ అదే దారి.

ఏడో వరస. వాకిలి వైపు నుంచి ఐదో రాయి. రాసుకో.

ఈ రోజు పద్నాలుగుసార్లు ఎక్కాను. మీ అమ్మ కూడా పద్నాలుగే అంది.

నీ నాన్న


కొండ మీద
ఏప్రిల్ 20

నాన్నా,

నీ ఉత్తరం చదివి బసగదిలో ఒక్కదాన్నే గంతులేశాను. మర్నాడే మేస్త్రీని పిలిచి, ఏడో వరస, ఐదో రాయి చూపించాను. పూత చెక్కాం. కింద ఇసుక లేదు, సిమెంటే. ఇంకొంచెం లోపల ఉంటుందేమోనని గునపం పెట్టాం. రాయి రెండు ముక్కలైంది. పైన ఉన్న రెండు రాళ్లు కూడా బీటలిచ్చాయి. పరంజా మీద ఉన్నవాళ్లని దింపేశాను.

గడియారం అక్కడే నిలబడి చూశాడు. "ముసలాయన ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటి మాట మీద పని నడపకూడదమ్మా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, జాలిగా అన్నాడు. అదే నాకు గుచ్చుకుంది. ముప్ఫయ్యో తారీఖు పొద్దున యంత్రం వస్తుంది.

నీ మీద నాకు అనుమానం లేదు నాన్నా. మనిషన్నాక మర్చిపోవడం ఉంటుంది. నీకేమైనా ఇంకా గుర్తొస్తే రాయి. కానీ ఉత్తరం వచ్చేసరికి రోజులు అయిపోతాయేమో.

పిచ్చుక


కొండ కింద, టీ కొట్టు బల్ల మీద నుంచి
ఏప్రిల్ 26, పొద్దున

పిచ్చుకకు,

ఈ ఉత్తరం మీ జీపు డ్రైవరుకి ఇస్తున్నాను, జీపులో సామాన్లు నిండి మాకు చోటు లేదు. ఇది ఉత్తరమే, ఇటుక కాదని చెప్పాను.

నీ కవరు మొన్న అందింది. చదివి నెత్తి కొట్టుకున్నాను. మర్చిపోవడం కాదు తల్లీ, ఆ రాయిని నేను కలలో కూడా మర్చిపోలేదు. నువ్వు లెక్క ఎక్కడి నుంచి పెట్టావు? నేల మీద నుంచి కదూ? మేము నేల మీద నుంచి లెక్కపెట్టం. మాకు గోడ పునాదిలో మొదలవుతుంది. రెండు వరసలు నేలలో ఉన్నాయి. చూసేవాళ్లకి గోడ ఎక్కడ కనపడితే అక్కడ మొదలు, కట్టినవాడికి మట్టి కింద మొదలు. ఇది రాయాలని నాకు తట్టలేదు. ఎవరికైనా తెలిసిన విషయమే అనుకున్నాను. నా ఏడో వరస నీకు ఐదో వరస.

ఈ నాలుగు ముక్కలు రాసి పోస్టులో వేస్తే ఎప్పటికి చేరేదో. ఉత్తరం కంటే నేనే ముందు వస్తానని బయల్దేరాను. నేను సంచి సర్దుకునేటప్పటికి మీ అమ్మ సంచి గుమ్మం దగ్గర ఉంది. "చూసినట్టే అన్నావు కదా" అంటే, "కూలిపోయేలోపు నిజంగా చూద్దామని" అంది.

ఆ రాయి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు. మెల్లగా ఎక్కుతున్నాం. నువ్వు దిగి రావద్దు, పైనే ఉండు. ఎవరో పైన ఉన్నారంటే ఎక్కడం తేలిక.

నీ నాన్న


ఇంటి నుంచి
మే 6

మా పిచ్చుకకు,

నువ్వు అక్కడే ఉన్నావు, అన్నీ చూశావు, అయినా రాస్తాను. దర్జీకి చెప్పి చెప్పి అరగదీసే లోపల ఒకసారి నీకు నిండుగా చెప్పుకోవాలి.

నాలుగు వందల పన్నెండు మెట్లకి పద్దెనిమిదిసార్లు కూర్చున్నాను. మీ అమ్మ మూడుసార్లే కూర్చుంది, అదీ నా కోసమేనట. మలుపు తిరగ్గానే కమాను కనపడింది. కింద నువ్వు. తలకి టోపీ, చేతిలో గొట్టంలా చుట్టిన కాగితాలు, మట్టి కొట్టుకుపోయిన చెప్పులు. నాకు ముందు గోడ కనపడలేదు తల్లీ. ఇన్నేళ్లు ఆ గోడ చూడాలని కొట్టుకుని, తీరా అక్కడికి చేరాక నిన్ను చూస్తూ నిలబడిపోయాను.

తర్వాత దాన్ని చూశాను. నిజంగానే పొట్ట వచ్చింది. నాకూ వచ్చింది, ఒకే వయసు గోడలం కాకపోయినా. చెయ్యి వేస్తే చల్లగా, తడిగా ఉంది. ఇన్నేళ్లు నీళ్లు మోసింది పాపం. చెయ్యమన్న పని కాదు, అయినా మోసింది.

మీ మేస్త్రీ మంచివాడు. "పెద్దాయనా, మీరు చూపించండి చాలు, గునపం మేం పడతాం" అన్నాడు. పార తీసుకుని గోడ అడుగున మట్టి లాగించాను. ఒక వరస. ఇంకా తవ్వమన్నాను. రెండో వరస. నీ ముఖంలో వెలుగు అప్పుడు చూడాలి. గడియారం గారు చేతి వంక చూడటం మానేసి గుంటలోకి చూశాడు. అక్కడి నుంచి నేను వేలు పెట్టి ఏడు లెక్కపెట్టాను, వాకిలి నుంచి ఐదు.

చెవులు పోయాయి గానీ అరచేయి వింటుంది. ఉలి పిడితో తట్టాను. పక్క రాళ్లు గట్టిగా చేతిని వెనక్కి కొట్టాయి. ఆ రాయి కొట్టలేదు, లోపలికి పీల్చుకుంది. "ఇదే" అన్నాను. నేను కేక పెట్టానని మీ అమ్మ అంటుంది, నేను ఒప్పుకోను.

పూత చెక్కగానే తడి ఇసుక జారింది. గునపం కూడా అక్కర్లేకపోయింది. మీ మేస్త్రీ, నేను, చెరో పక్క పట్టుకుని ఊపితే, పెట్టిన రాయి పెట్టినట్టే, అంచు కూడా చెదరకుండా ముందుకి వచ్చింది. దాని వెనకాలే నీళ్లు. ముందు ఎర్రగా, తర్వాత తేటగా. ముప్ఫై ఎనిమిదేళ్ల నీళ్లు గడియారం గారి బూట్ల మీద పడ్డాయి. ఆయన పక్కకి జరగలేదు. "అమ్మా, యంత్రం వద్దని చెప్పేస్తాను" అన్నాడు. ఆ మాట నాకు వినపడలేదు. నువ్వు నా భుజం పట్టుకున్న పట్టులో తెలిసింది.

ఆ కంతలోంచి బ్యాటరీ లైటు వేసి చూశావు కదా. నాకు కూడా చూపించావు. లోపల పాత గోడ నిలబడే ఉంది. తడిసింది, అక్కడక్కడా కరిగింది, కానీ నిలబడే ఉంది. ఎవడో నాలాంటి మేస్త్రీ ఎనిమిది వందల ఏళ్ల కిందట పెట్టిన రాళ్లు. నా గోడ దాని మీద ఇన్నేళ్లు కూర్చున్నా తట్టుకుంది.

నువ్వు వినని మాట ఒకటుంది. దిగేటప్పుడు నూటయాభయ్యో మెట్టు దగ్గర కూర్చుంటే మీ అమ్మ అంది: "నా కోసమే సిమెంటు వేశానని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" ఏం చెప్పను, తప్పు కదా అన్నాను. "తప్పు చేసి కూడా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన మనిషివి నువ్వే" అంది. అని, నా మోకాలి పట్టీ బొత్తం ఊడితే పెట్టి లేచింది. నా చెయ్యి మాత్రం కింద దాకా వదల్లేదు.

దర్జీ అడిగాడు, "మీ గోడ ఎట్లా ఉంది" అని. మా అమ్మాయి పీకేస్తోంది అన్నాను. అట్లా చెప్తున్నప్పుడు ఒళ్లంతా ఎంత గర్వంగా ఉందో, కట్టానని చెప్పిన రోజుల్లో కూడా అంత లేదు.

నీ నాన్న


కొండ మీద
జూలై 11

నాన్నా,

వానలు మొదలై పన్నెండు రోజులైంది. వాటికి తొమ్మిది రోజుల ముందే నీ గోడ పూర్తిగా విప్పేశాం. నీ కంతలోంచి రంపం పెట్టి, ఒక్కో రాయికి నంబరు వేసి, గడ్డి పరచి వరసలుగా పేర్చాం. మొత్తం మూడు వందల నలభై రాళ్లు. పగిలినవి పదకొండు, అందులో మూడు నా లెక్క తప్పినవి. మేస్త్రీ ప్రతి రాయి అంచూ వేలితో తడిమి, "ఇది చెక్కిన చెయ్యి అలసిపోలేదు" అంటాడు.

నిన్న కుండపోత. గొడుగు వేసుకుని కమాను కింద నిలబడి చూశాను. పాత గోడలోంచి నీళ్లు చెమటలా ఊరి, మెల్లగా జారి, తవ్విన కాలవలో పడి వెళ్లిపోతున్నాయి. ఎక్కడా నిలవడం లేదు. కమాను కదల్లేదు. అట్లా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఒక కాలు పూర్తిగా తడిసిపోయింది.

వానలు తగ్గాక అవే రాళ్లతో, సున్నంతో మళ్లీ కడతాం. ఆరడానికి ఎన్ని నెలలు పట్టినా సరే అని గడియారం గారే రాసిచ్చారు. చేతి గడియారం పాడైందట, బాగు చేయించుకోవడం లేదు.

ఈ నెలాఖరుకి ఆఖరి నివేదిక పంపాలి. అందులో "తెలియని చేతులు" అన్న వాక్యం తీసేస్తున్నాను. ఒకరి గురించి తెలియకుండా రాశాను. అది కాగితం మీద ఉండటం నాకు ఇష్టం లేదు.

పిచ్చుక


ఇంటి నుంచి
జూలై 19

ఇంజనీరమ్మకు, ఆమె నాన్న ఒళ్లంతా సంతోషంతో రాసేది,

మూడు వందల నలభై రాళ్లలో పగిలినవి పదకొండేనా. నేను కట్టేటప్పుడే పంతొమ్మిది పగలగొట్టాను, ఓవర్సీరుకి తొమ్మిదని చెప్పాను. నీ ఉత్తరం దర్జీ పైకి చదివాడు, వీధిలో వెళ్తున్న వాళ్లు కూడా ఆగి విన్నారు. వాన సంగతి రెండుసార్లు చదివించాను. కమాను కదల్లేదు అన్న చోట మీ అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు తరుగుతున్నానంది. చేతిలో ఉల్లిపాయ లేదు.

ఇక ఆ వాక్యం. తీసెయ్యకు తల్లీ. నా కోసం అసలే తీసెయ్యకు. గోడ పాడు చేసిన మాట నిజం, అది కాగితం మీద ఉండాల్సిందే. రేపు ఇంకో కొండ మీద ఇంకో మేస్త్రీకి సున్నమా సిమెంటా అని ఎవరైనా అడిగితే, ఆ కాగితం పనికొస్తుంది. నాకు అందులో నచ్చనిది ఒక్క మాటే. తెలియని చేతులు అన్నావే, అది కొట్టేసి, తెలిసిన చేతులు అని దిద్దు. తప్పు చేశాడని ఎన్నిసార్లైనా రాయి, పని తెలియదని మాత్రం రాయొద్దు. కింద ఇంకో వాక్యం చేర్చు. "ఆ చేతులే ఒక రాయి వదిలాయి" అని. అది తీయించినది ఆయన కూతురు అని కూడా రాయి. ఆఫీసు కాగితాల్లో అట్లా రాయరని మీ అమ్మ అంటోంది. అయితే వెనక పేజీలో రాయి.

సున్నపు గోడ మొదలుపెట్టినప్పుడు కబురు చెయ్యి, వస్తాను. మెట్లు రోజుకి ఇరవై ఎక్కుతున్నాను, మీ అమ్మ కూర్చోవడం మానేసి నాతో పాటు ఎక్కుతోంది, లెక్క ఇప్పుడు దర్జీ చూస్తున్నాడు. కట్టేటప్పుడు నువ్వూ ఒక రాయి వదులు. ఎక్కడ వదిలావో నాకు రాయకు. నా నోరు నీకు తెలుసు, సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. నీ తర్వాత వచ్చేవాళ్ల కోసం కాగితం మీద రాసి పెట్టు.

లెక్క మాత్రం పునాది నుంచి పెట్టు.

నీ నాన్న